పడమటి గాలి, నాలుగు

ఎలెవుతేరియో మాన్సీయా కట్టుడుపళ్ళు
మూతగిన్నెలో వేసి పైన పేరు రాసింది యాస్నా.
డెబ్బై ఒకటో ఏడు. పీతల పడవ.
తాడు చుట్టే యంత్రం తిరగబడి తన్నితే
ఎడమవైపు పక్కటెముకలు అయిదు.
"పళ్ళు జాగ్రత్త తల్లీ, పెద్దకోడలు కొన్నవి" అన్నాడు.
గుండె సంగతి అడగలేదు.

నేనే చెప్పాను:
నెత్తురు బయటికెళ్ళే తలుపు సన్నబడింది,
ఒరుసుకుంటూ పోతోంది,
మత్తులో ఒత్తిడి ఒక్క నిమిషం పడినా ఊరుకోదు.
"మా పడవగది తలుపూ అంతే,
భుజం పెట్టి తొయ్యాలి."

నేను నేర్చుకునే రోజుల్లో
డాక్టర్ ఓయార్సో చెవిలో మైనపు బిళ్ళ ఉండేది,
బిళ్ళ నుంచి గొట్టం, గొట్టం కొసన బరువైన ఇత్తడి గంట
రోగి రొమ్ము మీద.
ఆరేసి గంటలు ఒక చెవి మాకు, ఒక చెవి గుండెకు.
గొర్రెల ధర గురించి చెబుతూ చెబుతూ
ఉన్నట్టుండి ఆగేవాడు.
ఆయన మాట ఆగితే గదిలో కత్తులాగేవి.

ఇప్పుడు నా చెవులు రెండూ ఖాళీ, అనుకుంటారు.
వేలికి తగిలించిన ఎర్రదీపం
కొట్టుకో స్వరం పలుకుతుంది,
ప్రాణవాయువు తగ్గితే స్వరం దిగుతుంది.
ఇంట్లో కెటిల్ ఈల కాస్త కిందికి జారినా
నిద్రలోంచి లేచి కూర్చుంటాను.

అన్నవాహికలోకి ధ్వనితో చూసే కన్నొకటి దింపాను.
గుండెని వెనకనుంచి చూడటం అది,
ముందు నుంచి ఎంత గంభీరంగా ఉన్న మనిషైనా
వీపు చూస్తే అలసిపోయి కనిపిస్తాడే, అలా.
మూడు రేకుల కవాటం. సున్నం పట్టి
రెండు రేకులు కదలనంటున్నాయి.
మూడోది ఆ రెండింటి పనీ నెత్తినేసుకుని
చిరిగిన జెండాలా కొట్టుకుంటోంది.

తెర మూలన ఇంకో అంకె, పోయిన శీతాకాలం వచ్చింది:
ఒత్తిడి పడకముందే పడబోతోందంటుంది.
పదకొండూ ఇరవైకి ఎనభై అయిదు చూపించింది.
అప్పటికి ఒత్తిడి భేషుగ్గా ఉంది.
నమ్మలేదు. నమ్మకుండానే మందు ఎక్కించాను.
పడలేదు.
పడేదో కాదో ఇక ఎప్పటికీ తెలియదు.
రాని తుఫానుకి సాక్ష్యం ఎవరు చెబుతారు.

మొదటి పలక ఎముకకి బిగిస్తుంటే
నొప్పి కొలిచే గీత లేచింది.
మనిషి లేడు, నొప్పి ఉంది.
తాళం వేసిన ఇంట్లో ఫోను మోగినట్టు.
నేనే ఎత్తాను.

కుట్లు పడ్డాక, వెన్ను పక్క కండరం పొర కింద
వెంట్రుకంత గొట్టం పెట్టి
చుక్కచుక్కగా తిమ్మిరి పంపాను.

రాత్రి మూడు. జలసంధి మీంచి గాలి
కిటికీ చట్రాలను పట్టుకుని గుంజుతోంది.
"సున్నా నుంచి పది దాకా, ఎంత?"
"ఏం లేదు."
ఊపిరి పీల్చే గొట్టంలో బంతి
అంగుళం కూడా లేవలేదు.
పంటి బిగువున ఓర్చుకుంటున్నాడందామా,
పళ్ళు గిన్నెలో ఉన్నాయి.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
"పోనీ, గాలి ఎంతుంది?"
చాలాసేపు పైకప్పు చూశాడు.
"పడమటి గాలి. బుట్టలు ఎత్తొచ్చు.
చుక్కాని మాత్రం వదలకూడదు."

పంపు మీద అంకె పెంచాను.
అరగంటకి దగ్గాడు, తన దగ్గుకి తనే జడిసి,
మళ్ళీ దగ్గాడు, పాత డీజిల్ ఇంజను అందుకున్నట్టు
కిందనుంచి, నిండుగా.
బంతి లేచి పైగీత తాకింది.

కాగితంలో గాలికి గడి లేదు.
నాలుగు, అని రాశాను. పక్కనే సన్నగా
పడమటి గాలి, అని కూడా.
పొద్దున యాస్నా అది చదివి
నావైపు ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా
అతని మంచం దగ్గరికెళ్ళింది:
"గాలి ఎలా ఉంది తాతా?"

"దిగింది. ఆ పళ్ళిటివ్వు,
పెద్దకోడలు వచ్చే వేళైంది."